పాటన్‌లో జంభలుడి రాగి విగ్రహం కొనాలి: ఏం చూసి తీసుకోవాలి?

మాధవి_విజయనగరం

అందరికీ నమస్కారం. వచ్చే నెల మా అత్తగారు, మామగారితో కలిసి ముక్తినాథ్ యాత్రకు వెళ్తున్నాం. తిరుగు ప్రయాణంలో కాఠ్మాండూలో ఆగుతాం. మా బావగారు కొత్తగా హార్డ్‌వేర్ షాపు పెడుతున్నారు, ఆయనకి కుబేరుడి విగ్రహం ఇవ్వాలని మామగారి కోరిక. నేపాల్‌లో బౌద్ధుల కుబేరుణ్ణి జంభలుడంటారని, పాటన్‌లో రాగితో చేతిపనిగా చేస్తారని తెలిసింది. నెట్‌లో చూస్తే ఒకే ఎత్తు విగ్రహం ఒకచోట వేలల్లో ఉంది, ఇంకోచోట లక్ష దాటింది. ఎందుకింత తేడా? నిజంగా రాగేనా, ఇత్తడికి రంగు వేశారా అన్నది ఎలా తెలుస్తుంది? మన పూజగదిలో వేరే దేవుళ్ల పక్కన పెట్టుకోవచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

రాగిరేకు

ముందు చేతిలోకి తీసుకుని బరువు చూడండమ్మా. రెజిన్ బొమ్మకి రాగి రంగు వేస్తే చేతికి తేలిగ్గా తెలిసిపోతుంది. అయస్కాంతం పెట్టి చూడండి, అంటుకుంటే లోపల ఇనుము ఉన్నట్టే. ఇత్తడా రాగా అన్నది అయస్కాంతం చెప్పదు, రెండిటికీ అంటుకోదు. దానికి విగ్రహాన్ని తిరగేసి పీఠం లోపలి వైపు చూడాలి. అక్కడ పాలిష్ ఉండదు కాబట్టి లోహం అసలు రంగు కనిపిస్తుంది. రాగి ఎర్రగా ఉంటుంది, ఇత్తడి పచ్చగా ఉంటుంది.

లలితపురం_నుంచి

మాధవి గారూ, ఉద్యోగరీత్యా నేను పాటన్‌లోనే ఉంటున్నాను. దీన్నే లలిత్‌పూర్ అని కూడా అంటారు. ఇక్కడ ఓకు బహాల్ అని పాత విహారం ఉంది, రుద్రవర్ణ మహావిహారం దాని అసలు పేరు. ఆ చుట్టుపక్కల, మహాబౌద్ధ గుడి సందుల్లో ఉన్న ఇళ్లలో శాక్య కుటుంబాలు తరతరాలుగా ఈ పనే చేస్తున్నాయి. కింద అంతస్తులో కొట్టు, పైన పని. మీరడిగిన ధర తేడా అర్థం కావాలంటే ఆ పైఅంతస్తులో ఏం జరుగుతుందో తెలియాలి. కాస్త పెద్దగానే రాస్తాను.

మొదట మైనం. తేనెమైనంలో గుగ్గిలం కలిపి మెత్తబరుస్తారు. తల, మొండెం, చేతులు, చేతిలో వస్తువులు, తామర పీఠం విడివిడిగా చేస్తారు. ఈ మైనపు బొమ్మ మీద సన్నని మట్టిని పేడతో కలిపి పల్చగా పూస్తారు. ఆ మొదటి పూతే ప్రాణం, మైనం మీదున్న ప్రతి గీతనూ పట్టుకునేది అదే. అది ఆరాక ఊక కలిపిన ముతక మట్టి పూతలు. ఎండలో పెడితే మైనం మెత్తబడిపోతుంది కాబట్టి నీడలోనే ఆరాలి. వానాకాలంలో ఆరడానికి ఎంత కాలం పడుతుందో ఎవరూ ముందుగా చెప్పలేరు. తర్వాత అచ్చును వేడి చేసి మైనం కరిగించి బయటికి తీస్తారు, ఖాళీ అయిన చోట కరిగిన రాగి పోస్తారు. చల్లారాక మట్టిని పగలగొట్టాల్సిందే. ఒక అచ్చుకి ఒకే విగ్రహం.

అచ్చులోంచి వచ్చిన విగ్రహాన్ని చూస్తే మీరు కొనరు. నల్లగా, గరుకుగా, అక్కడక్కడా చిల్లులతో ఉంటుంది. చిల్లులకి రాగి ముక్కలు దిగ్గొట్టి మాసికలు వేస్తారు. భాగాలు కలుపుతారు. ఆపైన ఉలి పని. పనివాడు నేలమీద కూర్చుని విగ్రహాన్ని రెండు పాదాల మధ్య బిగించి పట్టుకుంటాడు. చిన్న సుత్తి, పక్కన సన్నవీ లావువీ వరసగా ఉలులు. వస్త్రం అంచు మీద పువ్వులు, చెవి కుండలం, జంభలుడి చేతిలోని ముంగిస వీపు మీద వెంట్రుకలు అన్నీ అక్కడే పుడతాయి. మంచి విగ్రహానికి ఎక్కువ రోజులు పట్టేది ఈ దశలోనే. ధర తేడాలో పెద్ద భాగం ఇక్కడుంది. ఇంకో భాగం బంగారు మలాములో, అంటే పైన పట్టించే బంగారు పూతలో ఉంది, దాని గురించి తర్వాత రాస్తాను.

కొట్టులోకి వెళ్లాక విగ్రహం వీపు చూడండి. ముందువైపు అందరూ బాగానే చేస్తారు. వీపు మీద జడలు, పట్టీ, వస్త్రం మడతలు కూడా అంతే శ్రద్ధగా చెక్కి ఉంటే అది మంచి చేతి పని.

పోతకొలిమి

లలితపురం గారు రాసింది చదువుతుంటే మా కొలిమి గుర్తొచ్చింది. నేను పంచలోహ విగ్రహాలు పోస్తాను, తమిళనాడులోని స్వామిమలైలో పని నేర్చుకున్నాను. మైనం, మట్టి, ఆరబెట్టడం అంతా మాకూ ఇంచుమించు ఇదే. మన పాత గ్రంథాల్లో మధూచ్ఛిష్ట విధానం అంటారు. పెద్ద తేడా ఒక్కటి. మేం ఘనంగా పోస్తాం, లోపల ఖాళీ ఉండదు. ఉత్సవ విగ్రహం అంటే ఘన పోతే. వాళ్లది గుల్ల పోత.

నాకు అర్థం కానిది ఒకటుంది. శుద్ధమైన రాగి పోయడం చాలా కష్టం. 1085 డిగ్రీలకు గానీ కరగదు, కరిగినా చిక్కగా ఉండి అచ్చు మూలల్లోకి పారదు, గాలిని పీల్చుకుని బుడగలు వేస్తుంది. కొంచెం తగరమో యశదమో కలిపితే చక్కగా పారుతుంది కదా, వాళ్లు రాగే ఎందుకు పట్టుకున్నారు?

లలితపురం_నుంచి

@పోతకొలిమి, ఇక్కడి పనివాళ్లు చెప్పే మాట బంగారం కోసం అని. వాళ్ల మలాము పాదరసంతో వేసేది. బంగారాన్ని పాదరసంతో కలిపి నూరితే వెన్నలాంటి ముద్ద అవుతుంది. శుభ్రం చేసిన రాగి మీద ఆ ముద్ద రాసి మంట చూపిస్తారు. పాదరసం ఆవిరైపోతుంది, బంగారం రాగిని పట్టుకుని ఉండిపోతుంది. అప్పుడు పసుపు ముద్దలా, మెరుపు లేకుండా కనిపిస్తుంది. దాన్ని నున్నటి అకీకు రాయితో రుద్ది రుద్ది మెరుపు తెస్తారు. ఈ మలాముకి శుద్ధమైన రాగి బాగా అనువు. సీసం కలిసిన లోహం మీద మచ్చలు పడతాయి. అందుకే పోత కష్టమైనా రాగినే ఎంచుకున్నారు. నేపాల్ లోయ పాత విగ్రహాల్లో ఎర్రటి రాగి, దాని మీద అరిగిన బంగారం కలిసి కనిపించేది ఇందుకే.

గుల్ల పోతకి కారణం వేరు. రాగి ఆదా అవుతుందన్నది ఒకటి. అంతకంటే ముఖ్యం, లోపల నింపాలి. మంత్రాలు రాసిన కాగితపు చుట్టలు, ధాన్యం, సుగంధ ద్రవ్యాలు, మధ్యలో ప్రాణదండంగా ఒక కొయ్య పెట్టి, అడుగున రాగి రేకుతో మూసేస్తారు. ఆ రేకు మీద ఒకదానికొకటి అడ్డంగా పెట్టిన రెండు వజ్రాయుధాల గుర్తు చెక్కి ఉంటుంది. నింపి ప్రతిష్ఠ చేశాకే వాళ్ల లెక్కలో అది పూజా విగ్రహం.

పోతకొలిమి

ఇప్పుడు అర్థమైంది. ధన్యవాదాలు. మాకు ప్రతిష్ఠలో కళ్లు తెరిపించడం ముఖ్యం, పీఠం కింద యంత్రం పెడతాం. వాళ్లకి విగ్రహమే గర్భగుడి అన్నమాట.

ధాన్యకటకం

మాధవి గారూ, మీరు కొట్టుకి వెళ్లేముందు ఏ జంభలుణ్ణి అడుగుతున్నారో తెలుసుకోవాలి. జంభలుడు ఒక్కడు కాదు, ఐదు రంగుల్లో ఐదుగురు ఉంటారు. మీకు సరిపోయేది పసుపు జంభలుడు. బొజ్జతో, నిండుగా, నగలతో కూర్చుని ఉంటాడు. కుడి చేతిలో మాదీఫలం, ఎడమ చేతిలో ముంగిస. ఆ ముంగిస నోట్లోంచి రత్నాలు కక్కుతూ ఉంటుంది. కుడి కాలు కిందికి చాపి శంఖం మీదో నిధి కుండ మీదో పెడతాడు. నల్ల జంభలుడు నిలబడి ఉంటాడు, ఉగ్ర రూపం, ఒంటి మీద వస్త్రం ఉండదు, కాళ్ల కింద మనిషి ఆకారం ఉంటుంది. తెల్ల జంభలుడు సాధారణంగా డ్రాగన్ మీద ఎక్కి ఉంటాడు. సింహం మీద కూర్చుని ఒక చేతిలో ధ్వజం, ఇంకో చేతిలో ముంగిస పట్టుకున్నవాడు వైశ్రవణుడు, ఉత్తర దిక్పాలకుడు. మన కుబేరుడికి పేరులోనూ దిక్కులోనూ దగ్గరి చుట్టం ఆయనే.

ముంగిస ఎందుకంటే రెండు కారణాలు చెబుతారు. నిధులకు కాపలా నాగులు, వాళ్లను గెలిచేది ముంగిస. ఒకప్పుడు ముంగిస తోలుతో డబ్బు సంచులు కుట్టేవాళ్లని, నొక్కితే నాణేలు నోటిగుండా జారేవని రెండో మాట. నాకైతే విగ్రహం చూసేటప్పుడు కళ్లు ముందు ఆ ముంగిస మీదికే పోతాయి. చవక పోతల్లో అది ఏదో గుడ్డమూటలా ఉంటుంది. మంచి పనిలో దాని పళ్లు, ముడతపడిన మూతి, నోట్లోంచి జారే రత్నాల వరస విడివిడిగా కనిపిస్తాయి. దాని మెడ చుట్టూ జంభలుడి వేళ్లు నిజంగా నొక్కి పట్టినట్టు ఉండాలి.

కృష్ణమోహన్_ఎన్

చిన్న సందేహం. బుద్ధుడు రాజ్యం వదిలి వచ్చిన మనిషి. ఆశే దుఃఖానికి మూలమని చెప్పాడు. ఆయన పేరు మీద డబ్బు దేవుడేమిటి? ఇది తర్వాత వ్యాపారులు చేర్చిన వ్యవహారం కాదా?

ధాన్యకటకం

మంచి ప్రశ్న. వ్యాపారుల పాత్ర లేదని నేననను. విహారాలు వర్తక మార్గాల పక్కనే పెరిగాయి, దానాలిచ్చింది వాళ్లే. గాంధార శిల్పాల్లో పాంచికుడనే యక్షుడు, ఆయన భార్య హారీతి సంపదనీ సంతానాన్నీ ఇచ్చే జంటగా కూర్చుని ఉంటారు. మన నాగార్జునకొండలోనూ హారీతి గుడి ఉండేది. కాఠ్మాండూలో స్వయంభూ స్తూపం పక్కన హారీతి గుడి నేటికీ పూజలందుకుంటోంది, పిల్లల జబ్బులకి అక్కడ మొక్కుకుంటారు. కృష్ణా తీరంలో ఆగిపోయిన పూజ హిమాలయాల కింద ఇంకా నడుస్తోంది.

కానీ కథలు వింటే ఆ సంపద ఎందుకో తెలుస్తుంది. వసుధార అని బౌద్ధుల సంపద దేవత ఉంది, ఆవిడ మంత్ర గ్రంథమైన వసుధార ధారణిలో సుచంద్రుడనే గృహస్థు వస్తాడు. కౌశాంబి నివాసి, పేదవాడు, ఇంటినిండా తినే నోళ్లు. బుద్ధుణ్ణి అడుగుతాడు, పేదవాడు ఆ పేదరికం నుంచి ఎలా బయటపడాలి, జబ్బుపడ్డవాడు ఎలా బాగుపడాలి అని. తనవాళ్లను పోషించాలి, దానం చేయాలి అంటాడు. బుద్ధుడు ఆశ వదిలేయమని ఆయనకి చెప్పలేదు, వసుధార మంత్రం చెప్పాడు. ఆకలితో ఉన్న సంసారికి త్యాగం బోధించకపోవడం నాకు ఆ కథలో చాలా నచ్చుతుంది.

రెండోది అతిశుడి కథ. 982లో బెంగాల్‌లో పుట్టి, ముసలితనంలో టిబెట్ వెళ్లి ధర్మం బోధించిన పండితుడు. దారిలో ఆకలితో చనిపోబోతున్న మనిషి కనిపించాడట. ఇవ్వడానికి ఏమీ లేక తన ఒంటి మాంసమే కోసి ఇవ్వబోయాడు. భిక్షువు మాంసం నేను తినలేనన్నాడు ఆ మనిషి. ఏం చేయాలో తోచక కుమిలిపోతున్న అతిశుడికి కరుణామూర్తి అయిన బోధిసత్వుడు అవలోకితేశ్వరుడు కనిపించి, ఇలాంటివాళ్ల కోసం తెల్ల జంభలుడిగా వస్తానన్నాడని చెబుతారు. అంటే ఆ రూపం పుట్టిందే ఒకరి ఆకలి తీర్చలేని బాధలోంచి.

కృష్ణమోహన్_ఎన్

వివరంగా చెప్పినందుకు కృతజ్ఞతలు. సుచంద్రుడి కథ నేను వినలేదు. నా అభ్యంతరం కొంత సడలింది. ఇంటి సంపద పెరగాలని షాపులో పెట్టేవాళ్లకి దానం చేయాలన్న ఈ రెండో సగం కూడా ఎవరో ఒకరు చెప్పాలి.

సుజాత_బెంగళూరు

మాధవి గారూ, వసుధారను కూడా చూడండి. కాఠ్మాండూ లోయ మూలవాసులైన నేవార్‌ల ఇళ్లల్లో జంభలుడి కంటే ఆవిడే దగ్గర. పసుపు వర్ణం, ఆరు చేతులు. ఎడమ చేతుల్లో వరికంకి, నిండు కలశం, ప్రజ్ఞాపారమిత అనే బౌద్ధ గ్రంథం. కుడివైపు ఒక చెయ్యి వరదం, ఒక చేతిలో రత్నాలు, ఒకటి పైకెత్తి బుద్ధులకు నమస్కారం. ధనమూ ధాన్యమూ చదువూ ఒక్క తల్లి చేతుల్లో. వసుంధరా వ్రతంలో అక్కడి ఆడవాళ్లు పసుపు దారం కట్టుకుంటారు, మన వరలక్ష్మీ వ్రతం తోరం లాగే. మీ అత్తగారికి ఈ విగ్రహం చూపించండి, పరిచయం చేయక్కర్లేదు.

ప్రతిష్ఠ సంగతి. కొట్టులో కొన్నది సాధారణంగా ఖాళీగానే ఉంటుంది. నింపించాలనుకుంటే అక్కడి విహారంలోనో, మన వైపు బైలకుప్పె లాంటి టిబెటన్ ఆశ్రమంలోనో లామాలను అడగాలి. తొందరపడితే అవదు, మంచి రోజు చూస్తారు.

మాధవి_విజయనగరం

ఎంత ఓపిగ్గా రాశారండీ అందరూ! మామగారికి మొత్తం చదివి వినిపించాను. ఆయనకి రెండు సందేహాలు. యూట్యూబ్‌లో జంభలుడి నెత్తిమీద నీళ్లు పోస్తున్నారు, మనం కూడా అభిషేకం చేయాలా? రోజూ పసుపు కుంకుమ పెట్టొచ్చా? మా అత్తగారు ఇత్తడి, రాగి సామాను ఏదైనా చింతపండు పెట్టి తోమేస్తారు.

లలితపురం_నుంచి

చింతపండు వద్దే వద్దు! ఈ ఒక్క మాట మీ అత్తగారికి తప్పకుండా చెప్పండి. చింతపండు, నిమ్మకాయ, పీతాంబరి పొడి ఇవేవీ దగ్గరికి రానివ్వకండి. ఈ విగ్రహాల ముఖం మీద బంగారం చాలావరకు మంట మలాము కాదు. బంగారు పొడిని జిగురులో కలిపి కుంచెతో పూస్తారు, అందుకే ముఖం మెరవకుండా మెత్తగా వెలుగుతుంది. కళ్లు, పెదవులు, జుట్టు నీలం అన్నీ రంగులే. తడిగుడ్డ పెట్టి గట్టిగా తుడిచినా పోతాయి. మెత్తటి పొడి బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు. కొత్త పనిలో ఒళ్లంతా మలాము వేయకుండా ముదురు గోధుమ రంగు రాగి మీద నగలకి మాత్రం బంగారం వేసినవి కూడా ఉంటాయి. ఆ ముదురు రంగు కావాలని తెప్పించింది. మురికి అనుకుని తోమితే పని పాడైపోతుంది.

నీళ్లు పోయడం నిజమే, జంభలుడికి జలార్పణ ఇష్టమని టిబెటన్లు నమ్ముతారు, ఓం జంభల జలేంద్రాయ స్వాహా అంటూ పోస్తారు. దానికి మలాము, ముఖవర్ణం లేని చిన్న విగ్రహం వేరే పెట్టుకుంటే మంచిది. పెద్దదాని మీద పోస్తే ముఖం పోతుంది, అడుగు రేకు సందుల్లోంచి తడి లోపలికెళ్లి మంత్రాల చుట్టలు నానిపోతాయి.

రాగిరేకు

మీది విజయనగరం అంటున్నారు, షాపు సముద్రం దగ్గరైతే జాగ్రత్త. ఉప్పుగాలికి రాగి త్వరగా చిలుము పడుతుంది. గాజు తలుపున్న అలమరలో పెట్టండి. అగరబత్తి, కర్పూరం మరీ దగ్గరగా వెలిగించకండి, మసి ముఖం మీద కూర్చుంటుంది.

పోతకొలిమి

ఒక్క మాట చెప్పాలనిపిస్తోంది. పూజలో ఉన్న విగ్రహం అరుగుతుంది, అరగాలి కూడా. మా ఉత్సవ విగ్రహాలకి వందల ఏళ్ల అభిషేకాలతో ముక్కూ కళ్లూ నున్నబడిపోతాయి. ఎవరూ బాధపడరు. కుంకుమ పెట్టాలనిపిస్తే పెట్టుకోండి, మ్యూజియం వస్తువులా చూసుకుంటే ఇంట్లో దేవుడెలా అవుతాడు?

లలితపురం_నుంచి

మీ మాట కాదనలేను. ఇక్కడి గుళ్లలోనూ సింధూరం కింద శిల్పం ముఖమే కనిపించదు. అరిగితే భక్తితో అరగనివ్వండి, పులుపు వల్ల పోవద్దని నా బాధ. కుంకుమ పీఠం మీద పెడితే ఇద్దరి మాటా నిలుస్తుంది.

అనంత్_డల్లాస్

పాదరసం వల్ల జరిగే హాని మాట ఎవరూ ఎత్తలేదు. కెమిస్ట్రీ చదువుకున్నవాడిగా నాకది టెన్షన్ పెడుతోంది. ఆ ఆవిరి పీల్చిన మనిషి ఊపిరితిత్తులు, నరాలు, మూత్రపిండాలు ఏమవుతాయి? సంపద దేవుడి మెరుపు కోసం ఇంకొకరి ఆరోగ్యం పోవడం సరైనదేనా?

లలితపురం_నుంచి

ఎత్తాల్సిన విషయమే అనంత్ గారూ. మలాము వేసేవాళ్లు వేరే ఉంటారు, పోతపోసిన వాళ్లే వేయరు. విగ్రహం మీద పనిచేసిన వాళ్లలో అందరికంటే ఎక్కువ ముప్పు వాళ్లదే. పొగ బయటికి లాగే ఏర్పాటు లేని గదిలో, ముక్కుకి గుడ్డ మాత్రమే కట్టుకుని చేస్తే అది ప్రమాదమే. కొనేవాళ్లు అడగాలి. మలాము ఎక్కడ వేయించారు, అక్కడ గొట్టం, ఫ్యాన్ ఉన్నాయా అని. పదిమంది అడిగితే కొట్టువాళ్లు పట్టించుకుంటారు. అడిగినా సమాధానం రాకపోతే మలాము లేని రాగి విగ్రహం తీసుకోండి. ఉలి పని అందులో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది, ధరా తగ్గుతుంది. కరెంటుతో వేసే బంగారు పూత ఇంకో దారి. అది పల్చగా అంతటా ఒకేలా ఉంటుంది, మంట మలాము లోతు రాదు, కానీ పాదరసం ఉండదు. దాన్ని మంట మలాము అని చెప్పి అమ్మకపోతే తప్పేమీ లేదు.

ఇంకో నిజం కూడా చెప్పాలి. ఇప్పుడు చాలామంది మైనపు బొమ్మని రబ్బరు అచ్చులో తీస్తున్నారు. పోత, ఉలి పని చేతిదే, మైనపు రూపం మాత్రం నకలు. చేతిపని అన్న మాటతో సరిపెట్టుకోకుండా, మైనం కూడా చేత్తోనే చేశారా అని అడగండి. నిజాయితీ ఉన్న కొట్టులో దాచకుండా చెబుతారు, దానికి తగ్గట్టే ధర చెబుతారు.

ధాన్యకటకం

ఈ పనివాళ్ల ఘనత ఎంత పాతదో ఒక్కటి చెప్పి ఆపేస్తాను. 1260లో 80 మంది నేవార్ కళాకారులు టిబెట్‌కి స్తూపం కట్టడానికి వెళ్లారు. వాళ్ల నాయకుడు అరనికో, అప్పటికి ఇరవై ఏళ్లు కూడా లేవు. తర్వాత కుబ్లాయ్ ఖాన్ దర్బారుకి వెళ్లి అక్కడే పెద్ద పదవిలో స్థిరపడ్డాడు. బీజింగ్‌లో ఇప్పటికీ నిలిచి ఉన్న తెల్ల స్తూపం ఆయన కట్టిందే. మరి మన తెలుగు నేలకి ఈ సంప్రదాయంతో సంబంధం లేదా అంటే ఉంది. కాలచక్ర తంత్రమనే బౌద్ధ సాధన మార్గాన్ని బుద్ధుడు మన అమరావతిలోని ధాన్యకటక స్తూపం దగ్గరే బోధించాడని టిబెటన్ల నమ్మకం. అందుకే 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర దీక్ష ఇచ్చారు.

మాధవి_విజయనగరం

ఇంట్లో మాట్లాడుకున్నాం. బావగారి షాపుకి మలాము లేని రాగి జంభలుడు, చిన్నది. మా ఇంటికి వసుధార. అత్తగారు ఆ ఆరు చేతుల ఫోటో చూసినప్పటి నుంచి వరికంకి గురించే మాట్లాడుతున్నారు. చివరి ప్రశ్న, విమానాశ్రయంలో ఆపుతారా?

లలితపురం_నుంచి

నూరేళ్లు దాటిన విగ్రహాన్ని నేపాల్ నుంచి బయటికి తీసుకెళ్లడం నేరం. ఇక్కడి ఊళ్ల నుంచి దొంగిలించిన దేవుళ్లు ఎందరో విదేశీ మ్యూజియాలకి చేరారు. 1984లో పాటన్‌లో పోయిన లక్ష్మీనారాయణ రాతి విగ్రహం 2021లో అమెరికాలోని డల్లాస్ నుంచి తిరిగొచ్చింది. అందుకే చూడడానికి పాతగా కనిపించే కొత్త విగ్రహానికి కూడా ఇది పురావస్తువు కాదని పురావస్తు శాఖ ఇచ్చే పత్రం కావాలి. కొట్టువాళ్లే తెప్పిస్తారు, కానీ ఒకటి రెండు రోజులు పట్టొచ్చు. కాబట్టి బయల్దేరే రోజు సాయంత్రం కొనకండి, ముక్తినాథ్ వెళ్లేముందే చూసి మాట్లాడి పెట్టుకోండి. ఎవరైనా రహస్యంగా ఇది చాలా పాతది, తక్కువకి ఇస్తానంటే అక్కడి నుంచి వచ్చేయండి. బిల్లు మీద లోహం పేరు, బరువు, మలాము ఉందా లేదా రాయించుకోండి.

కొట్లకి వెళ్లేముందు దర్బారు చౌక్‌లో పాటన్ మ్యూజియం ఒక పూట చూడండి. మైనం నుంచి మలాము దాకా ఒక్కో దశనీ విడిగా పెట్టి చూపిస్తారు. అత్తగారికి మెట్లు ఎక్కువవుతాయి, లోపల పెరట్లో కూర్చోవడానికి చోటుంది.

మాధవి_విజయనగరం

అలాగే చేస్తామండీ. టికెట్లు ఒకరోజు ముందుకి మార్పించమని మావారికి ఇప్పుడే చెప్పాను.